నిమిషానికి ఆవలి ఒడ్డు

1962వ సంవత్సరం అక్టోబరు 27వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఒక ఈత పందెం జరిగింది. దూరం 110 గజాలు. ఇరవై ఐదేండ్ల యువతి ఒకతె ఆ దూరాన్ని 59.9 సెకండ్లలో ఈది గోడను తాకింది. నిమిషానికి తక్కువైనది సెకండులో పదవ వంతు మాత్రమే. రెప్ప వాల్చి ఎత్తేలోపల గడచిపోయే కాలమది. ఐనా చేత గడియారాలు పట్టుకొని కొలనుల చుట్టూ నిలబడి జీవితం గడిపినవారికి ఆ పదవ వంతు ఒక సముద్రమంత వెడల్పుగా తోచింది. ఏలనన నూరు మీటర్ల దూరాన్ని నిమిషంలోపల ఈదిన స్త్రీ అంతవరకు ప్రపంచంలో లేదు. పురుషులలో ఆ గీతను మొదట దాటినవాడు అమెరికా దేశస్థుడు జానీ వైస్‌ముల్లర్. అది 1922లో జరిగిన మాట. స్త్రీలు ఆ ఒడ్డు చేరడానికి మరి నలభై సంవత్సరాలు పట్టింది. పైగా 110 గజాలంటే నూరు మీటర్లకంటె అర మీటరుకు కొంచెం ఎక్కువే. అనగా ఆమె చేసిన పని అంకెలో కనిపించేదానికంటె మరికొంత పెద్దది.

ఆ యువతి పేరు డాన్ ఫ్రేజర్. 1956, 1960, 1964 ఒలింపిక్ క్రీడలు మూడింటిలోను నూరు మీటర్ల ఫ్రీస్టైల్ పందెంలో వరుసగా బంగారు పతకం గెలిచినది ఈమెయే. ఈతలో ఒకే పందాన్ని వరుసగా మూడు ఒలింపిక్ క్రీడలలో గెలిచినవారు ఆమెకు ముందు స్త్రీలలోనే కాదు, పురుషులలోను లేరు. అట్టి ఈతకత్తెను ఆమె స్వదేశంలోని ఈత సంఘంవారే పది సంవత్సరాలపాటు నీటినుంచి బహిష్కరించారు. ఈ రెండు సంగతులూ ఒకే మనిషి కథలో ఎట్లా ఇమిడినవో తెలుసుకొనడానికి ఆమె పుట్టిన పేటనుంచే మొదలుపెట్టవలసి ఉన్నది.

సిడ్నీ రేవు లోపలికి చొచ్చుకొని వచ్చిన ఒక నేల కొమ్ముపై బాల్మెయిన్ అనే పేట ఉన్నది. ఈనాడు అక్కడ ఇండ్ల వెలలు మిన్నంటుతున్నవి గాని, డాన్ పుట్టిననాడు అది కూలినాలి జనం నివసించే పేట. ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు, సరుకులు దించేవారు అక్కడ కాపురముండేవారు. ఆ ఇండ్ల అడుగున ఒకప్పుడు బొగ్గు గని సైతం ఉండేది. స్కాట్లండునుంచి వలస వచ్చిన తండ్రి ఓడలు నిర్మించే వడ్రంగి. 1937 సెప్టెంబరు 4వ తేదీన పుట్టిన డాన్ ఎనిమిదిమంది సంతానంలో కడగొట్టుది. ఇంట్లో డబ్బు తక్కువ, మనుషులు ఎక్కువ. దానికితోడు చిన్ననాటినుంచి ఉబ్బసం.

ఆ పేట చివర సముద్రపు నీటితో నిండే ఒక ఈత కొలను కలదు. పందొమ్మిదవ శతాబ్దంలో కట్టినది. ఆటుపోట్లతోపాటు అందులోని నీరు పెరుగుతుంది, తరుగుతుంది. పేదల పిల్లలకు ఉన్న వినోదమంతా అదే. డాన్ అక్కడే ఈత నేర్చింది. ఊపిరి తిరగని పిల్ల నీటిని ఆశ్రయించడం వింతగా తోచవచ్చును గాని, ఈతవల్ల ఉబ్బసం కొంత నెమ్మదిస్తుందని నమ్మి పిల్లలను కొలనుకు పంపడం ఆ దేశంలో అరుదు కాదు.

విద్యార్థులకోసం ఇక్కడ ఒక మాట. ఫ్రీస్టైల్ అనగా, నియమం ప్రకారం, ఈదేవారు తమ కిష్టమైన ఏ పద్ధతిలోనైనా ఈదవచ్చునని అర్థం. కాని అందరూ ఎన్నుకొనేది ఒక్కటే, మనం బార ఈత అనేది. ఒక చేయి నీటిపైనుంచి ముందుకు చాచి, నీటిని పట్టి వెనుకకు లాగుతుండగా రెండవ చేయి పైకి లేస్తుంది. కాళ్లు ఆగకుండా నీటిని కొడుతూ ఉంటవి. ముఖం నీటిలోనే ఉంటుంది. చేయి పైకి లేచిన క్షణంలో తల ఒక ప్రక్కకు త్రిప్పి, ఆ కాస్త సందులోనే ఊపిరి పీల్చుకోవలె. నిమిషంపాటు ఒడలిలోని కండరాలన్నీ గాలికోసం అంగలారుస్తుంటే, గాలి దొరికేది ఆ సందులలో మాత్రమే. ఉబ్బసం రోగికి ఇంతకంటె కఠినమైన పరీక్షను కోరి ఎవరూ కల్పించలేరు.

అధికారులతో ఆమెకు మొదటి తగవు చిన్నతనంలోనే వచ్చింది. పేటలోని ఒక ఈత సంఘంలో చేరి ఆమె పందాలలో పాల్గొన్నది. ఆ సంఘంలో గెలిచినవారికి స్వల్పమైన బహుమతులిచ్చే వాడుక ఉండేది. ఆ కాలపు క్రీడానియమాల ప్రకారం ఆటవల్ల ఏ కొంచెం ప్రతిఫలం పుచ్చుకొన్నా అట్టివారు వృత్తి క్రీడాకారులు. ఒలింపిక్ క్రీడలకు దారితీసే పోటీలలో వారికి చోటు లేదు. ఆ కారణం చూపి ఆ పసిపిల్లను సుమారు ఏడాదిన్నర పోటీలకు దూరంగా ఉంచారు. తీరికగా ఆడుకొనగలిగిన సంపన్నులు తమ కనుకూలంగా వ్రాసుకొన్న నియమం అది. దాని పదును ఎల్లప్పుడూ ఓడరేవు పేటల పిల్లలకే తగులుతూ వచ్చింది.

నిజానికి ఆస్ట్రేలియా ఈతకత్తెలకు సంఘాలతో పేచీ కొత్తది కాదు. స్త్రీలకు ఒలింపిక్ ఈత పందాలు మొట్టమొదట 1912లో స్టాక్‌హోంలో జరిగినవి. అప్పుడు సిడ్నీ స్త్రీల ఈత సంఘంవారే, పురుషులు చూస్తుండగా స్త్రీలు పోటీలలో ఈదరాదన్న నియమాన్ని అడ్డుపెట్టి ఫానీ డ్యూరక్, మీనా వైలీ అనే ఇద్దరు యువతుల ప్రయాణాన్ని ఆపజూచారు. ప్రజలు గోల పెట్టిన మీదట నియమం సడలింది. ఆ ఇద్దరూ వెళ్లి నూరు మీటర్ల ఫ్రీస్టైల్‌లో మొదటి రెండు స్థానాలు తెచ్చారు. డ్యూరక్‌కు పట్టిన కాలం 1 నిమిషం 22.2 సెకండ్లు. అక్కడినుంచి 59.9 సెకండ్లకు రావడానికి సరిగా యాభై సంవత్సరాలు. ఆ మొదటి మెట్టు మీదా, ఈ చివరి మెట్టు మీదా నిలిచినవారు సిడ్నీలో ఈత నేర్చినవారే కావడం గమనింపదగినది.

డాన్ పదునాలుగేండ్లకే బడి మాని దుస్తుల కర్మాగారంలో పనికి కుదిరింది. హారీ గాలగర్ అనే శిక్షకుని కన్ను ఆమెపై పడినది ఆ రోజులలోనే. ఒడుపు లేని ఈతలోని బలాన్ని అతడు పసిగట్టాడు. అంతకంటె ముఖ్యంగా ఆమె స్వభావాన్ని పసిగట్టాడు. చేయుమని శాసిస్తే చేయదు. నీవల్ల అవుతుందా అని సందేహం వెలిబుచ్చితే చేసి చూపించి గాని నిద్రపోదు. గాలగర్ ఆ రెండవ మార్గమే పట్టాడు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారు ఇట్టి పిల్లలను ఎరుగుదురు. ప్రతి తరగతిలోను ఒకరో ఇద్దరో ఉంటారు. గాలగర్ అడిలైడ్ నగరానికి మకాం మార్చినప్పుడు ఆమె ఇల్లు విడిచి అక్కడికే వెళ్లింది. పగలు దుకాణంలో కొలువు, ఉదయం సాయంకాలం మైళ్ల కొలదిగా ఈత.

1956 ఫిబ్రవరి నెలలో సిడ్నీలో ఆమె నూరు మీటర్ల దూరాన్ని 1 నిమిషం 4.5 సెకండ్లలో ఈదింది. హాలండు ఈతకత్తె విల్లీ డెన్ ఔడెన్ 1936లో నెలకొల్పిన 1 నిమిషం 4.6 సెకండ్ల రికార్డు సరిగా ఇరవై ఏండ్లు చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నది. దానిని ఒక పదవ వంతుతో ఆమె దాటింది. ఐతే ఆ కీర్తి ఆమె కొక్కతెకే దక్కలేదు. అదే జట్టులో లొరెయిన్ క్రాప్ అనే మరొక ఈతకత్తె కలదు. 400 మీటర్లను అయిదు నిమిషాలలోపల ఈదిన తొలి స్త్రీ ఆమె. ఆ ఏడాదిలోనే నూరు మీటర్ల రికార్డునుకూడ క్రాప్ ఆక్రమించింది. ఒకే దేశపు జెండా క్రింద, ఒకే కొలనులో, ప్రపంచంలోకెల్లా వేగంగా ఈదే స్త్రీలు ఇద్దరు ఒకరినొకరు తరుముకొంటున్నారన్నమాట.

డిసెంబరు 1వ తేదీన మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆ తరుములాటకు తీర్పు వచ్చింది. ఫ్రేజర్ 1 నిమిషం 2.0, క్రాప్ 1 నిమిషం 2.3. ఇద్దరి నడుమ సెకండులో మూడు పదవ వంతులు. మూడవ స్థానం సైతం ఆస్ట్రేలియాదే. ఫెయిత్ లీచ్ అనే అమ్మాయి గెలిచింది. నాటి విజయం ఎంతటిదంటే, ఆ క్రీడలలో స్త్రీలకు, పురుషులకు జరిగిన ఫ్రీస్టైల్ పందాలన్నింటిలోను బంగారు పతకాలు ఆస్ట్రేలియావారే తీసుకొన్నారు. 400 మీటర్లలో క్రాప్ మొదటిది, ఫ్రేజర్ రెండవది. రిలే పందెంలో ఇద్దరూ కలిసి ఈది మరొక బంగారు పతకం తెచ్చారు. నాడు ఫ్రేజర్ చేజిక్కించుకొన్న నూరు మీటర్ల రికార్డు మళ్లీ ఇంకొకరి పేరున చేరడానికి పదిహేనేండ్లు పట్టింది.

1960 రోమ్ క్రీడలలో ఆమె 1 నిమిషం 1.2 సెకండ్లలో గెలిచి తన స్థానాన్ని నిలుపుకొన్నది. అమెరికాకు చెందిన క్రిస్ ఫాన్ సాల్ట్‌జా సెకండున్నరకు పైగా వెనుకబడింది. కాని రోమ్ విషయంలో ఫ్రేజర్ అభిమానులుసైతం ఒప్పుకొనవలసిన తప్పు ఒకటున్నది. తన పందెం గెలిచిన మరునాడు, మెడ్లే రిలేలో వేరొక పద్ధతిలో ఈదవలసినదిగా జట్టు పెద్దలు కోరగా ఆమె నిరాకరించింది. తనకు ముందుగా చెప్పలేదన్నది ఆమె వాదన. తోటివారు ఆమెతో మాటలు మానివేశారు. ఒంటరి పందెంలో ఉపకరించే మొండితనం జట్టులో గాయం చేస్తుంది. గాలగర్‌కు తెలిసిన కిటుకు జట్టు పెద్దలకు తెలియదు. వారి ఓపికకున్న హద్దు ఆమెకు తెలియదు. ఆ తరువాత కొంతకాలం విదేశీ పర్యటనలకు ఆమెను ఎంపిక చేయలేదు.

ఆ కోపమంతా ఆమె నీటిమీద చూపించింది. 1962లో నిమిషపు గీత దాటడం ముందే చెప్పుకొన్నాము. అదే సంవత్సరం పెర్త్ నగరంలో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో నాలుగు బంగారు పతకాలు గెలిచింది. 1964 ఫిబ్రవరి 29వ తేదీన, సిడ్నీ రేవు వంతెన నీడన ఉన్న నార్త్ సిడ్నీ కొలనులో, నూరు మీటర్లను 58.9 సెకండ్లలో ఈదింది. టోక్యో ఒలింపిక్ క్రీడలకు ఇంకా ఏడు నెలల పైచిలుకు వ్యవధి ఉన్నది. ఆమెకు పోటీ వచ్చేవారు కనుచూపుమేరలో లేరు.

మార్చి నెలలో ఒక రాత్రి ఆమె నడుపుతున్న కారు రోడ్డుమీద ఆగి ఉన్న లారీని ఢీకొన్నది. కారులో తల్లి, అక్క, ఒక స్నేహితురాలు ఉన్నారు. తల్లి మరణించింది. డాన్ మెడ ఎముక చిట్లింది. వారాల తరబడి మెడ కదలకుండా కట్టుకట్టి ఉంచారు. శరీరానికి తగిలిన దెబ్బ మానడానికి వైద్యులు గడువు చెప్పగలరు. తన చేతిలోని చక్రం తల్లి ప్రాణం తీసిందన్న తలపుకు గడువు చెప్పగలవారెవరు? ఆమె మళ్లీ నీటిలోకి దిగింది. బార ఈతలో ప్రతి ఊపిరికీ తల త్రిప్పక తప్పదు. ఆ మెడనే త్రిప్పుతూ ఆమె ఆ ఏడాది ఈదింది.

అక్టోబరు 13వ తేదీన టోక్యోలో తుది పందెం జరిగింది. ఫ్రేజర్‌కు ఇరవై ఏడేండ్లు. ఆ రోజుల ఈత కొలనులలో అది ముసలితనంతో సమానం. ప్రక్కన ఈదుతున్న అమెరికా బాలిక షారన్ స్టౌడర్‌కు పదిహేనేండ్లు. ఫ్రేజర్ తొలి ఒలింపిక్ పతకం గెలిచేనాటికి స్టౌడర్ ఏడెనిమిదేండ్ల పసిపిల్ల. ఆ పిల్ల కడదాక వదలలేదు. ఫ్రేజర్ 59.5, స్టౌడర్ 59.9. రెండేండ్ల క్రితం ప్రపంచంలో ఒక్కతెకే సాధ్యమైన నిమిషపు గీతను ఒకే పందెంలో ఇద్దరు దాటారు. వారి నడుమ దూరాన్ని లెక్కకట్టితే సుమారు మూరన్నర. ఆ మూరన్నరతో ఆమె మూడవ బంగారు పతకం గెలిచింది. రిలేలో వచ్చిన వెండి పతకంతో కలిపి ఆమె ఒలింపిక్ పతకాలు ఎనిమిదయినవి: బంగారువి నాలుగు, వెండివి నాలుగు.

ఇక బహిష్కారం మాట. ప్రారంభోత్సవపు కవాతులో గంటల తరబడి నిలబడి అలసిపోరాదని, పోటీలు దగ్గరపడిన ఈతగాండ్రు అందులో పాల్గొనరాదని జట్టు నిర్వాహకులు ఆజ్ఞ వేశారు. ఫ్రేజర్ లెక్కచేయక కవాతులో నడిచింది. జట్టుకిచ్చిన ఈతదుస్తులు ఒంటికి ఇమడలేదని, అలవాటైన తన పాతవే ధరించి పందెంలోకి దిగింది. పోటీలు ముగిసిన పిదప ఒక రాత్రి, మరికొందరితో కలిసి జపాను చక్రవర్తి ప్రాసాదం దరిదాపులలో ఎగురుతున్న ఒలింపిక్ జెండాను జ్ఞాపకార్థం ఎత్తుకొని పోబోయి పోలీసుల చేత చిక్కింది. ఎవరో తెలిసిన మీదట పోలీసులు ఆమెను విడిచిపెట్టారు. తుదకు ఆ జెండాను ఆమెకే కానుకగా ఇచ్చారు కూడా. క్రీడల ముగింపు ఉత్సవంలో ఆస్ట్రేలియా పతాకాన్ని పట్టుకొని నడిచినది ఆమెయే. ఆ ఏటి ఉత్తమ ఆస్ట్రేలియా పౌరురాలిగా ఎన్నికైనదీ ఆమెయే. ఆమె ఈత నేర్చిన బాల్మెయిన్ కొలనుకు అదే సంవత్సరం ఆమె పేరు పెట్టారు.

ఇంటివారు మాత్రం జపాను పోలీసులంత ఉదారులు కాలేకపోయారు. 1965లో ఆస్ట్రేలియా ఈత సంఘంవారు పది సంవత్సరాలపాటు ఆమె పోటీలలో పాల్గొనరాదని శాసించారు. టోక్యో జట్టులోని మరి ముగ్గురు యువతులకు అంతకంటె తక్కువ శిక్షలు పడినవి. సంఘంవారి పక్షాన కూడా చెప్పవలసినది లేకపోలేదు. క్రమశిక్షణ లేక జట్టు నిలువదు. గెలిచినవారికి ఒక న్యాయం, ఓడినవారికి ఒక న్యాయం ఉండరాదు. కాని శిక్ష అపరాధానికి తగినదిగా ఉండవలెనన్నది కూడ న్యాయమే గదా. ఇరవై ఏడేండ్ల ఈతకత్తెకు పది సంవత్సరాలంటే యావజ్జీవమే. తరగతిలో అల్లరిచేసిన పిల్లను బెంచీ ఎక్కించడం వేరు, బడినుంచే పేరు కొట్టివేయడం వేరు. విచిత్రమేమనగా, ఆ 1965లోనే అమెరికాలో స్థాపించిన అంతర్జాతీయ ఈత కీర్తిమందిరంలో ఆమె పేరు చేర్చారు. ప్రపంచం నెత్తిన పెట్టుకొన్న ఏడాదే స్వదేశం గెంటివేసింది.

1968లో, మెక్సికో ఒలింపిక్ క్రీడలు కొద్ది నెలలున్నవనగా, సంఘంవారు బహిష్కారం ఎత్తివేశారు. అప్పటికి సాధన చేసి జట్టులో స్థానం సంపాదించే వ్యవధి ఆమెకు మిగలలేదు. మెక్సికోలో నూరు మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచినది అమెరికాకు చెందిన జాన్ హెన్. ఆమెకు పట్టిన కాలం సరిగా ఒక నిమిషం. మెక్సికో నగరం సముద్రమట్టానికి చాల ఎత్తున ఉండడంవల్ల అక్కడ గాలి పలుచన, ఊపిరి కష్టం. కనుక అంకెతో అంకెను పోల్చి తీర్పు చెప్పడం సరికాదు. ఉబ్బసం మనిషికి అక్కడ ఎట్లా ఉండేదో ఊహించడం కూడ కష్టమే. ఐనా 59.5 అన్న టోక్యో అంకె, 58.9 అన్న సిడ్నీ అంకె ఆ నిమిషం ప్రక్కన నిలబడి ఉన్నవి. వాటిని చూచినవారికి ఒక ప్రశ్న తోచక మానదు.

ఆ 58.9ని 1971లో పదునాలుగేండ్ల ఆస్ట్రేలియా బాలిక షేన్ గౌల్డ్ అందుకొని, 1972 జనవరిలో 58.5 సెకండ్లతో దాటింది. ఫ్రేజర్ తన పేటకు తిరిగి వచ్చి మద్యశాల నడిపింది, పిల్లలకు ఈత నేర్పింది. 1988లో ఏ పార్టీకీ చెందని అభ్యర్థిగా నిలబడి బాల్మెయిన్ నియోజకవర్గంనుంచి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికై 1991వరకు సభ్యురాలుగా ఉన్నది. నోరు అదుపులో పెట్టుకొనడం ఆమెకు ఎన్నడూ అలవడలేదు. 2015లో, వలస వచ్చిన కుటుంబాలలో పుట్టిన టెన్నిస్ ఆటగాండ్రను గూర్చి ఆమె ఆడిన మాటలను దేశమంతా తప్పుపట్టింది. ఆమె క్షమాపణ చెప్పుకొన్నది. తండ్రి స్కాట్లండునుంచి వలస వచ్చినవాడేనన్న సంగతి ఆమెకు ఆ క్షణాన గుర్తుకు రాలేదు కాబోలు.

ఆమె సాధించిన మూడు వరుస విజయాలను తరువాత హంగరీకి చెందిన క్రిస్టీనా ఎగెర్‌సెగీ వెల్లకిల ఈతలో 1996 నాటికి అందుకొన్నది. 2024 పారిస్ క్రీడలలో అమెరికాకు చెందిన కేటీ లెడెకీ 800 మీటర్ల ఫ్రీస్టైల్‌ను వరుసగా నాలుగవమారు గెలిచింది. నూరు మీటర్లలో మాత్రం ఏ స్త్రీ కూడ వరుసగా మూడుమార్లు గెలువలేదు. ఒక నిమిషంలో ముగిసిపోయే పందెంలో ఎనిమిదేండ్లకాలం ముందుండడం మరొకరికి చేతకాలేదు.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవం జరిగింది. ఆస్ట్రేలియా కీర్తి పెంచిన స్త్రీలు కొందరు వరుసగా జ్యోతిని చేతులు మార్చుకొంటూ క్రీడాస్థలంలో నడిచారు. ఆ వరుసలో డాన్ ఫ్రేజర్ ఉన్నది, ఆమె రికార్డును చెరిపివేసిన షేన్ గౌల్డ్ ఉన్నది. ఈ మారు ఉత్సవంలో పాల్గొనవద్దని ఫ్రేజర్‌తో ఎవరూ అనలేదు.